ఫ్యాన్ కొనేముందు మీటరు చూడాలి: స్కీ బోటుకు కొత్త ప్రొపెల్లర్ ఎంపిక

ఎండాకాలం ముదిరేసరికి కరీంనగర్ లోయర్ మానేరులో నీళ్లు వెనక్కి పోతాయి. మొన్నటిదాకా రెండు నిలువుల లోతున్న చోట ఇవాళ బండ తలెత్తి ఉంటుంది. స్పీడ్ బోటు ఫ్యాన్, అంటే ప్రొపెల్లర్, ఆ బండకు తగిలినప్పుడు టక్కుమని ఒక్క చప్పుడు వస్తుంది. తర్వాత కూడా బోటు నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. తాడు కట్టి మనిషిని లాగబోతేనే సంగతి తెలుస్తుంది. ఇంజిన్ అరుస్తుంది, బోటు ముక్కు పైకి లేస్తుంది, స్కీ (కాళ్లకు కట్టుకుని నీటి మీద జారే పలక) మీదున్న మనిషి మాత్రం నీళ్లలోంచి పైకి రాడు. ఒడ్డుకు తెచ్చి చూస్తే ఒక రెక్క కొస అరటాకు అంచులా ముడుచుకుని ఉంటుంది.

అప్పుడు అందరూ చేసే పని ఒకటే. పాత ఫ్యాన్ బొడ్డు మీద కొట్టి ఉన్న నంబరు చదివి, అదే నంబరుది తెప్పిస్తారు. 13 × 17 ఉంటే 13 × 17. పాతది ఆ బోటుకు సరైనదేనని రుజువైతే ఇందులో తప్పేమీ లేదు. కానీ చాలా బోట్లలో ఆ నంబరును అసలెవరూ పరీక్షించి ఉండరు. ఇంజిన్ అమ్మినవాళ్లు పెట్టిచ్చిందో, అంతకుముందున్న యజమాని ఎక్కడో దొరికితే బిగించిందో అలాగే సాగిపోతుంటుంది. ఫ్యాన్ విరిగిన రోజు ఖర్చు ఎలాగూ తప్పదు. సరైన ఫ్యాన్ ఏదో తేల్చుకోవడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.

నంబర్లలో ఏముంది

మొదటి అంకె వ్యాసం, రెండోది పిచ్. రెండూ అంగుళాల్లోనే. రెక్క కొస గీసే వలయం అడ్డంగా ఎంతో అది వ్యాసం. ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగితే, చెక్కలో స్క్రూ దిగినట్టు, నీటిలో ఎంత ముందుకు పోవాలో అది పిచ్. 17 పిచ్ అంటే ఒక్క చుట్టుకు 17 అంగుళాలు. నీళ్లు చెక్క కాదు కాబట్టి అంత దూరం ఎప్పుడూ పోదు. ఆ తేడానే స్లిప్ అంటారు. స్పీడ్ బోట్లలో పూర్తి వేగం దగ్గర 10 నుంచి 20 శాతం స్లిప్ మామూలే.

ట్రాక్టర్ నడిపినవాళ్లకు పిచ్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. తక్కువ పిచ్ అంటే లో గేరు: లాగుడు ఎక్కువ, పై వేగం తక్కువ. ఎక్కువ పిచ్ అంటే టాప్ గేరు: తిన్నని రోడ్డు మీద హాయిగా పోతుంది, దమ్ము చేసే మడిలో దిగితే చతికిలపడుతుంది. తేడా ఏమిటంటే ట్రాక్టర్‌కు గేర్లు మార్చుకునే వీలుంది, బోటుకు ఉన్నది ఒక్కటే గేరు. అది ఫ్యాన్ రూపంలో షాఫ్టు చివర బిగించి ఉంటుంది. స్కీ లాగే బోటుకు కావాల్సింది మడిలో పనికొచ్చే గేరు. నీళ్లలో నడుము లోతున కూర్చున్న మనిషిని మూడు నాలుగు సెకన్లలో నీటి మీదికి లేపాలి. లేచాక వేగం పడిపోకుండా ఒకే తీరున లాగాలి. వంద రూపాయల పందెం కోసం చెరువు ఆ చివరి దాకా ఎంత వేగంగా పోతుందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. అయినా ఫ్యాన్ కొనేటప్పుడు అందరి చూపూ ఆ పై వేగం మీదే ఉంటుంది.

ఒకే నంబరున్న రెండు కంపెనీల ఫ్యాన్లు ఒకేలా పనిచేస్తాయనుకోవడం ఇంకో పొరపాటు. రెక్క వెడల్పు, వెనక్కి వాలిన కోణం, వెనక అంచున లోపలికి తిప్పిన చిన్న మడత, అంటే కప్, ఇవేవీ ఆ నంబరులో కనిపించవు. కప్ ఉన్న ఫ్యాన్ నీటిని గట్టిగా పట్టుకుంటుంది, లేనిదానికంటే ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) సుమారు 150 నుంచి 200 దాకా తగ్గుతుంది. కాబట్టి కప్ లేని 15 స్థానంలో కప్ ఉన్న 15 పెడితే దాదాపు 16 పెట్టినట్టే లెక్క.

ముందుగా కొలవాల్సింది

ప్రతి ఇంజిన్‌కూ థ్రాటిల్ (యాక్సిలరేటర్) పూర్తిగా తెరిచినప్పుడు ఎంత ఆర్పీఎం దగ్గర తిరగాలో కంపెనీ ఒక పరిధి ఇస్తుంది. మాన్యువల్లో ఉంటుంది, 5,000–6,000 అనో 4,500–5,500 అనో రాసి ఉంటుంది. ఫ్యాన్ సరైనదా కాదా అన్నదానికి తీర్పు చెప్పేది ఈ పరిధే. మామూలు లోడుతో పూర్తి థ్రాటిల్ ఇచ్చినప్పుడు ఆర్పీఎం మీటరు (టాకోమీటర్) ముల్లు ఈ పరిధిలో పడాలి. స్కీ లాగే బోటుకైతే పై అంచుకు దగ్గరగా పడాలి, ఎందుకంటే మనిషిని లాగేటప్పుడు అది ఎలాగూ కిందికి దిగుతుంది.

పరిధి కంటే తక్కువ తిరిగితే ఇంజిన్‌ను ఎద్దడ్డం పడ్డ బండిని లాగించినట్టు లాగిస్తున్నామన్నమాట. సిలిండర్లలో వేడి, ఒత్తిడి పెరుగుతాయి, మసి పేరుకుంటుంది, పిస్టన్లు దెబ్బతింటాయి. ఈ నష్టం చప్పుడు చేయకుండా జరుగుతుంది. పరిధి కంటే ఎక్కువ తిరిగితే కొత్త ఇంజిన్లలో లిమిటర్ అడ్డుపడి కట్ చేస్తుంది. లిమిటర్ లేని పాత టూ స్ట్రోక్ అయితే కనెక్టింగ్ రాడ్ దాకా పోవచ్చు.

పరీక్ష పద్ధతిగా చేయాలి. గాలి లేని ఉదయం పూట అయితే మేలు. బోటులో డ్రైవర్, వెనక్కి చూసే మనిషి, సగం ట్యాంకు పెట్రోలు, తాడు, స్కీలు, లైఫ్ జాకెట్లు, రోజూ ఏముంటాయో అవన్నీ ఉండాలి. తాడు చివర మనిషి వద్దు. ఫోన్‌లో జీపీఎస్ వేగం చూపే యాప్ పెట్టి, ఒకే గీత మీద వెళ్లేటప్పుడు ఒకసారి, తిరిగొచ్చేటప్పుడు ఒకసారి పూర్తి థ్రాటిల్ ఇచ్చి, రెండింటి సగటు తీయాలి. నది మీద అయితే రెండు దిక్కులా పరుగు తప్పనిసరి, ప్రవాహం ఒకవైపు లెక్కను పెంచి ఇంకోవైపు తగ్గిస్తుంది. రాసుకోవాల్సినవి మూడు: ఆర్పీఎం, వేగం, నిలబడ్డ చోటు నుంచి బోటు నీటి మీదికి లేచి జారడానికి పట్టిన సెకన్లు.

లెక్క ఇలా ఉంటుంది. ఆర్పీఎంను పిచ్‌తో గుణించి, 0.001524తో గుణించి, గేరు నిష్పత్తితో (ఫ్యాన్ ఒక్క చుట్టుకు ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతుందో దానితో) భాగిస్తే స్లిప్ లేనప్పుడు గంటకు ఎన్ని కిలోమీటర్లు పోవాలో వస్తుంది. ఉదాహరణకు పరిధి 5,000–6,000, గేరు నిష్పత్తి 2, ఫ్యాన్ 13 × 17 ఉన్న ఔట్‌బోర్డ్ (బోటు వెనక బయట బిగించే ఇంజిన్) మామూలు లోడుతో 5,150 దగ్గర ఆగిపోతోందనుకుందాం. 5,150 × 17 × 0.001524 ÷ 2 చేస్తే 66.7 కి.మీ. జీపీఎస్ 56 చూపిస్తే స్లిప్ 16 శాతం. స్లిప్ మామూలుగానే ఉంది, అంటే ఫ్యాన్ నీటిని బాగానే పట్టుకుంటోంది. మరి తేడా ఎక్కడంటే పిచ్‌లో. అది ఇంజిన్ మోయలేనంత ఎక్కువగా ఉంది. 5,150 పరిధిలోనే ఉంది కదా అనిపించవచ్చు. మనిషిని లాగేటప్పుడు అదే ఇంజిన్ పరిధి కిందికి జారుతుంది.

పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే ఆర్పీఎం 150 నుంచి 200 దాకా పెరుగుతుందన్నది అనుభవంలో నిలిచిన లెక్క. ఇక్కడ 5,750 కావాలి, అంటే 600 పెరగాలి. 200 చొప్పున మూడు అంగుళాలు. 17 పోయి 14 రావాలి. అప్పుడు 5,750 × 14 × 0.001524 ÷ 2, అంటే 61.3. అందులో 15 శాతం స్లిప్ తీసేస్తే 52. పై వేగం 56 నుంచి 52కు దిగింది. నాలుగు కిలోమీటర్లు పోయాయని బాధపడేవాళ్లు స్కీ దేనికి కావాలో ఒకసారి చూసుకోవాలి. రెండు స్కీల మీద కొత్తగా నేర్చుకునేవాళ్లకు 25–35 కి.మీ. చాలు. పోటీల్లో స్లాలం (ఒకే స్కీ మీద తేలే బంతులను చుట్టుకుంటూ పోయే పోటీ) గరిష్ఠ వేగం మగవాళ్లకు 58, ఆడవాళ్లకు 55. ఆ వేగం కావాలనుకుంటే ఈ బోటులో లేనిది ఫ్యాన్ కాదు, హార్స్‌పవర్. ఇంజిన్‌లో లేని బలాన్ని ఏ ఫ్యానూ పుట్టించలేదు.

ఇక వేడి సంగతి. డిసెంబరులో చలి పొద్దున చేసిన పరీక్ష మే నెల మధ్యాహ్నానికి పనికిరాదు. గాలి వేడెక్కితే పలుచబడుతుంది, ఇంజిన్‌కు అందే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర ఉన్న బలం 42 డిగ్రీల దగ్గర సుమారు 3 శాతం తగ్గుతుంది. వరంగల్, కరీంనగర్ ప్రాంతాలు సముద్ర మట్టానికి 270 మీటర్ల అటూఇటూ ఎత్తులో ఉన్నాయి. దానివల్ల ఇంకో రెండు మూడు శాతం పోతుంది. సముద్రం ఒడ్డున బాగా నడిచిందని ఎవరో చెప్పిన పిచ్‌ను ఇక్కడ ఒక అంగుళం తగ్గించి ఆలోచించడం మంచిది.

తప్పు ఫ్యాన్‌దేనా

ఆర్పీఎం తక్కువ చూపిస్తే వెంటనే పిచ్ మీద నేరం మోపకూడదు. థ్రాటిల్ కేబుల్ సాగి, హ్యాండిల్ చివరిదాకా తోసినా కార్బురేటర్ పూర్తిగా తెరుచుకోకపోవచ్చు. ఇంజిన్ మూత తీసి, ఆపి ఉంచినప్పుడే హ్యాండిల్ తోసి చూస్తే తెలిసిపోతుంది. ఒక ప్లగ్గు మండకపోవచ్చు. బోటు అడుగున నాచు పట్టి ఉండవచ్చు. ఫైబర్ బోటు డబుల్ అడుగులో ఉన్న ఫోమ్ ఏళ్ల తరబడి నీళ్లు తాగి, బయటికి కనిపించకుండా వంద కిలోలు పెరిగి ఉండవచ్చు. కొన్నప్పుడు ఎంత లోతు మునిగేదో, ఇప్పుడు నీటి గీత ఎక్కడుందో పోల్చి చూస్తే దాని గుట్టు బయటపడుతుంది.

మీటరే అబద్ధం చెప్పడం కూడా తరచూ జరిగేదే. విడిగా కొని బిగించిన టాకోమీటర్ వెనక, ఇంజిన్ ఆల్టర్నేటర్ పోల్స్ సంఖ్యను బట్టి తిప్పాల్సిన చిన్న స్విచ్ ఉంటుంది. అది తప్పు గడిలో ఉంటే చూపే అంకెలన్నీ తప్పే. 4,000 అన్నచోట నిజం 6,000 కావచ్చు. మోటారు రివైండింగ్ షాపుల్లో ఉండే చేతి టాకోమీటర్‌తో, బోటును ఒడ్డున కట్టేసి, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడే ఫ్లైవీల్ మీద స్టిక్కర్ అంటించి, న్యూట్రల్‌లో 1,500 దగ్గర ఒకసారి సరిచూసుకుంటే ఆ అనుమానం పోతుంది.

ఇక అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది బుష్. ఔట్‌బోర్డ్ ఫ్యాన్ బొడ్డు లోపల, పళ్లున్న ఇత్తడి గొట్టానికీ బయటి లోహానికీ మధ్య రబ్బరు బుష్ ఉంటుంది. రాయి తగిలితే గేర్లు విరక్కుండా అది జారిపోవాలి, దాని పని అదే. ఒకసారి జారిన బుష్ ఆ తర్వాత మెల్లగా పోతే బాగానే పట్టుకున్నట్టు ఉంటుంది, గట్టిగా థ్రాటిల్ ఇవ్వగానే మళ్లీ జారుతుంది. ఇంజిన్ కేక పెడుతుంది, బోటు కదలదు. దీన్ని పట్టడానికి రూపాయి ఖర్చు లేదు. ఫ్యాన్ వెనక వైపు, లోపలి గొట్టం మీంచి రబ్బరు మీదుగా బయటి బొడ్డు దాకా తెల్ల పెయింటుతో ఒక గీత గీసి, ఆరాక ఒకసారి గట్టిగా నడిపి రావాలి. గీత విరిగి రెండు ముక్కలు రెండు చోట్ల కనిపిస్తే బుష్ పోయినట్టే. రెక్కలు ఎంత బాగున్నా ఆ ఫ్యాన్ అలా పనికిరాదు, బుష్ మార్చాలి. ఇప్పుడొచ్చే చాలా ఫ్యాన్లలో ప్లాస్టిక్ బుష్ విడిగా దొరుకుతుంది, చేత్తోనే మార్చుకోవచ్చు.

బుష్ జారినా, రెక్కలు గాలి పీల్చినా లక్షణం దాదాపు ఒక్కటే, అందుకే జనం తికమక పడతారు. మలుపు తిరిగేటప్పుడు గానీ, మనిషిని లేపేటప్పుడు గానీ పైనుంచి గాలి రెక్కల్లోకి చొరబడితే ఫ్యాన్ నురగలో తిరుగుతుంది. దీనికి మూలం తరచుగా ఇంజిన్ మరీ ఎత్తుగా బిగించడమో, ట్రిమ్ (ఇంజిన్ వాలు) బయటికి పెట్టడమో. ఫ్యాన్ పైనున్న అడ్డ రేకు బోటు అడుగు మట్టానికి సమంగానో, అంగుళం లోపు పైకో ఉంటే మామూలు వాడకానికి సరిపోతుంది. గుర్రపు డెక్క వేరు ఒకటి గేరు కేస్ (ఫ్యాన్ ముందుండే గేర్ల గూడు) ముందు చిక్కుకున్నా ఇదే జరుగుతుంది. ఊళ్ల పక్క చెరువుల్లో ముందు చూడాల్సింది అదే.

పాత ఫ్యాన్ వంగిందో లేదో ఇంట్లోనే కొలవడం

రెక్క వంగితే కంటికి కనిపించాలని లేదు. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా చాలు, స్టీరింగ్‌లో వణుకు పుడుతుంది. పైగా పిచ్ నంబరు అరిగిపోయి చదవడానికి వీల్లేని పాత ఫ్యాన్లు చాలా ఉంటాయి. రెండిటికీ ఒకటే మందు.

గ్రానైట్ పలక లాంటి సమతలం మీద ఫ్యాన్‌ను బొడ్డు ఆనేలా, వెనక ముఖం పైకి ఉండేలా పెట్టాలి. వెనక ముఖమంటే నీటిని నెట్టే వైపు. 13 అంగుళాల ఫ్యాన్‌కు కేంద్రం నుంచి కొస దాకా 165 మి.మీ. అందులో 70 శాతం, అంటే 115 మి.మీ. దూరంలో ప్రతి రెక్క మీదా పెన్సిల్‌తో ఒక చాపం గీయాలి. ఆ చాపం మీద, కేంద్రం నుంచి 30 డిగ్రీల ఎడంతో రెండు చుక్కలు పెట్టాలి. పిల్లల జామెట్రీ బాక్సులోని కోణమానిని సరిపోతుంది. ఇప్పుడు పలక నుంచి ఒక్కో చుక్క ఎంత ఎత్తులో ఉందో మట్టపు బద్దతో కొలవాలి. రెండు ఎత్తుల తేడాను 12తో గుణిస్తే, ఎందుకంటే 360లో 30 పన్నెండు సార్లు పోతుంది, ఆ రెక్క పిచ్ మిల్లీమీటర్లలో వస్తుంది. తేడా 36 మి.మీ. అయితే 432 మి.మీ., అంటే 17 అంగుళాలు. 29.6 వస్తే 14 అంగుళాలు.

మూడు రెక్కలకూ ఒకే సంఖ్య రావాలి. రెండు 36, ఒకటి 32 చూపిస్తే ఆ మూడోది వంగింది. కొన్ని ఫ్యాన్లలో రెక్క ముందు అంచు నుంచి వెనక అంచుకు పిచ్ పెరుగుతూ పోతుంది కాబట్టి కొలతకూ ముద్రించిన నంబరుకూ అర అంగుళం తేడా రావచ్చు. రెక్కకూ రెక్కకూ మధ్య తేడా మాత్రం రాకూడదు.

వంగిన అల్యూమినియం రెక్కను సుత్తితో కొట్టి సరిచేయడం, విరిగిన ముక్క దగ్గర లేత్ షాపులో వెల్డింగ్ పెట్టించడం ఇక్కడ మామూలే. చల్లగా ఉన్నప్పుడు కొడితే కంటికి కనిపించని పగుళ్లు వస్తాయి. వెల్డింగ్ వేడికి చుట్టుపక్కల లోహం మెత్తబడుతుంది. పైగా రెక్కల బరువు సమంగా ఉండదు, ఆ వణుకు ప్రొపెల్లర్ షాఫ్టు సీలునూ బేరింగులనూ తింటుంది. అలా చేసిన ఫ్యాన్ ఒడ్డుకు చేరడానికి పనికొస్తుంది, మనిషిని లాగడానికి కాదు. ఆకురాయితో సరిచేయగలిగింది ఒక్కటే: అంచుల్లో అయిదారు మిల్లీమీటర్ల లోపు చిన్న గంట్లు. అవి నున్నగా చేయకపోతే ఆ గంటు వెనక నీటి ఒత్తిడి పడిపోయి బుడగలు పుట్టి పగులుతూ రెక్క ముఖాన్ని చెదలు కొట్టినట్టు గుంటలు చేస్తాయి. గాలి పీల్చడం వేరు, ఇది వేరు.

అల్యూమినియమా, స్టీలా

స్టెయిన్‌లెస్ స్టీల్ రెక్క పలుచగా ఉంటుంది, లోడు పడ్డా వంగదు, కాబట్టి లాగుడూ వేగమూ రెండూ కాస్త మెరుగే. లోతైన, అడుగు తెలిసిన నీటిలో అదే మంచి ఎంపిక. ఉత్తర తెలంగాణ జలాశయాలు అలాంటివి కావు. మట్టాలు నెల నెలకూ మారతాయి. మునిగిన చెట్ల మోడులు, పాత కట్టలు, బండలు ఎక్కడ తేలతాయో తెలియదు. అల్యూమినియం ఫ్యాన్ మోడుకు తగిలితే రెక్క పోతుంది. స్టీలు ఫ్యాన్ తగిలితే రెక్క నిలుస్తుంది, ఆ దెబ్బ బుష్ దాటి షాఫ్టుకూ గేర్లకూ చేరుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఫ్యాన్‌ను కాపాడబోయి గేరు కేస్ పోగొట్టుకోవడం అంటే ఇదే. కాబట్టి ఇక్కడ రోజువారీ వాడకానికి అల్యూమినియం, దాంతో పాటు అదే నంబరుది ఇంకొకటి స్పేర్ ఉండటం తెలివైన పద్ధతి. గోదావరి మీద, కాళేశ్వరం వైపు, ఇసుక కలిసిన నీటిలో తిరిగే బోట్లకు అల్యూమినియం అంచులు తొందరగా అరుగుతాయన్నది నిజమే. అయినా అరిగిన ఫ్యాన్ కంటే విరిగిన గేరు ఖరీదు.

మూడు రెక్కలా నాలుగా అన్నదానికి స్కీ బోటు విషయంలో జవాబు నాలుగు వైపే మొగ్గుతుంది. వైశాల్యం ఎక్కువ కాబట్టి లేపేటప్పుడు నీటిని వదలదు, మలుపుల్లో గాలి తక్కువ పీలుస్తుంది, తక్కువ వేగంలో కూడా బోటును నీటి మీద నిలబెడుతుంది. బదులుగా పై వేగం ఒకటి రెండు కిలోమీటర్లు పోతుంది. నాలుగు రెక్కలకు మారేటప్పుడు పిచ్ ఒక అంగుళం తగ్గించడం మరచిపోకూడదు, లేకపోతే ఆర్పీఎం మళ్లీ కిందికి పోతుంది. పై ఉదాహరణలో మూడు రెక్కల 14 బదులు నాలుగు రెక్కల 13 అన్నమాట.

ఇన్‌బోర్డ్ స్కీ బోటైతే

ఇక్కడి జలాశయాల్లో తిరిగేవి ఎక్కువగా ఔట్‌బోర్డ్ పెట్టిన స్పీడ్ బోట్లే. వాటర్ స్కీ కోసమే తయారైన, ఇంజిన్ మధ్యలో ఉండే ఇన్‌బోర్డ్ బోట్లు అరుదు. సెకండ్‌హ్యాండ్‌లో అలాంటిది ఎవరైనా కొంటే మాత్రం పైన చెప్పిన లెక్క పనిచేస్తుంది, కొనే వస్తువు వేరు.

వీటిలో చాలావాటికి గేరు నిష్పత్తి 1:1, ఫ్యాన్ 13 అంగుళాలు, పిచ్ 12, 13 దగ్గర. 13 పిచ్‌తో, 15 శాతం స్లిప్‌తో 58 కి.మీ. వేగానికి ఇంజిన్ సుమారు 3,440 ఆర్పీఎం దగ్గర తిరగాలి. ఆర్డర్ పెట్టేముందు నాలుగు విషయాలు కచ్చితంగా తెలియాలి. మొదటిది తిరిగే దిశ. బోటు వెనక నిలబడి చూస్తే ముందుకు పోయేటప్పుడు గడియారం ముల్లు దిశలో తిరిగేది కుడి చేతిది, ఎదురు తిరిగేది ఎడమ చేతిది. స్కీ బోట్లలో రెండు రకాలూ ఉన్నాయి, చూడకుండా కొంటే పెట్టె విప్పినప్పుడే తెలుస్తుంది. రెండోది షాఫ్టు లావు. 1 అంగుళమా, 1⅛ అంగుళమా. మూడోది, షాఫ్టు కొస సూదిగా తగ్గే వాలు. నాలుగోది, కీ (షాఫ్టు మీద ఫ్యాన్ జారి తిరగకుండా గాడిలో పెట్టే లోహపు ముక్క) గాడి వెడల్పు. 1 అంగుళం షాఫ్టుకు కీ పావు అంగుళం ఉంటుంది. వాలు చాలావరకు 16కు 1.

వ్యాసం పెంచి లాగుడు తెచ్చుకుందామనుకునేవాళ్లు బోటు అడుగుకూ రెక్క కొసకూ మధ్య ఖాళీ కొలవాలి. వ్యాసంలో కనీసం 10 శాతం ఉండాలి. 13 అంగుళాల ఫ్యాన్‌కు 1.3 అంగుళాలు, ఇంకాస్త ఎక్కువుంటే మేలు. ఖాళీ తగ్గితే ప్రతి రెక్కా దాటేటప్పుడు అడుగు మీద నీటి దెబ్బ పడి బోటంతా గుయ్యిమంటుంది. ఈ ఫ్యాన్లు నికెల్ అల్యూమినియం కంచుతో చేస్తారు. వంగినా వేడి చేసి సరిచేయగల లోహం ఇది, అందుకే పాతదాన్ని పారేయకుండా ప్రొపెల్లర్లు బాగుచేసే చోటికి పంపితే మంచి స్పేర్ అవుతుంది.

వాలు మీద బిగుసుకున్న ఫ్యాన్‌ను పుల్లర్‌తోనే తీయాలి. సుత్తితో కొడితే దెబ్బ గేరుబాక్సు దాకా పోతుంది. నట్టును పూర్తిగా తీసేయకుండా రెండు చుట్లు వదులు చేసి ఉంచి పుల్లర్ బిగిస్తే, వదిలినప్పుడు ఎగిరి కాళ్ల మీద పడదు. కొత్తది పెట్టేటప్పుడు ముందు కీ లేకుండా పూర్తిగా ఎక్కించి, బొడ్డు ముందు అంచు ఆగిన చోట షాఫ్టు మీద గీత గీయాలి. తర్వాత కీతో ఎక్కించినప్పుడు కూడా అదే గీత దాకా రావాలి. రాకపోతే కీ ఎత్తు ఎక్కువై ఫ్యాన్‌ను పట్టి ఆపుతోంది. ఆ స్థితిలో బిగిస్తే కొన్ని గంటల్లో వదులవుతుంది. ఫ్యాన్ రాయికి తగిలి ఉంటే షాఫ్టు కూడా వంగి ఉండే అవకాశం ఉంది. ఇంజిన్ దగ్గర కప్లింగ్ విప్పి, రెండు ముఖాల మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకు) చుట్టూ పెట్టి చూసినప్పుడు తేడా 0.08 మి.మీ. దాటకూడదు.

ఔట్‌బోర్డ్‌కు బిగించడం

ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు, ప్లగ్గు క్యాపులు తీసేయాలి, కిల్ స్విచ్ (ఇంజిన్‌ను వెంటనే ఆపే మీట) తాడు లాగేయాలి. ఫ్యాన్ చేత్తో తిప్పినా ఇంజిన్ అంటుకునే ప్రమాదం ఉంటుంది. రెక్కకూ పైనున్న అడ్డ రేకుకూ మధ్య ఒక చెక్క దిమ్మ పెడితే ఫ్యాన్ కదలదు, నట్టు తేలిగ్గా వస్తుంది. స్ప్లిట్ పిన్ పాతది మళ్లీ వాడకూడదు.

ఫ్యాన్ బయటికి వచ్చాక కొత్తదాని కంటే ముందు చూడాల్సింది షాఫ్టు మొదలు. చేపల వల నైలాను దారం అక్కడ చుట్టుకుని ఉంటుంది. చెరువుల్లో వలలు వేసే చోట ఇది దాదాపు ఎప్పుడూ దొరుకుతుంది. తిరిగేటప్పుడు ఆ దారం సీలును కోస్తుంది, గేరు ఆయిల్లోకి నీళ్లు చేరతాయి. కింది డ్రెయిన్ స్క్రూ కాస్త వదులు చేసి ఒక్క చుక్క చూస్తే చాలు. ఆయిలు పాలు పోసిన టీ రంగులో ఉంటే కొత్త ఫ్యాన్ కంటే ముందు కొత్త సీలు కావాలి.

తర్వాత షాఫ్టు పళ్ల మీద నీటికి కరగని గ్రీజు పూసి, థ్రస్ట్ వాషర్, ఫ్యాన్, స్పేసర్, వాషర్, నట్టు ఇదే వరసలో. థ్రస్ట్ వాషర్ వాలు వైపు గేరు కేస్ వైపు ఉండాలి. పాత ఫ్యాన్ బొడ్డుకు అతుక్కుని దాంతోపాటే మూలన పడి ఉండటం దీని అలవాటు. అది లేకుండా బిగిస్తే ఫ్యాన్ నెట్టుడంతా గేరు కేస్ మీద పడి, బొడ్డు దాన్ని గీరుతూ తిరుగుతుంది. నట్టును మాన్యువల్లో చెప్పిన టార్క్‌కు బిగించాక పిన్ రంధ్రం గాడికి ఎదురుగా రాకపోతే ఇంకొంచెం బిగించాలే తప్ప వెనక్కి తిప్పకూడదు. వేరే కంపెనీ ఫ్యాన్ అయితే షాఫ్టు పళ్ల సంఖ్య, స్పేసర్ పొడవు ముందే లెక్కపెట్టుకోవాలి. ఒకే హార్స్‌పవర్ ఉన్నా కంపెనీని బట్టి అవి మారతాయి.

మొదటి పరుగు తర్వాత నట్టు మళ్లీ చూసి, అదే గీత మీద, అదే లోడుతో మీటరు చదవాలి. 5,750 అనుకున్నచోట 5,900 వచ్చినా పరవాలేదు, ఎండల్లో అది తానే దిగుతుంది. 6,000 దాటి లిమిటర్ తగిలితే పిచ్ ఒక అంగుళం పెంచాలి. కాబట్టి కొనేటప్పుడే, వాడి చూశాక మరకపడకుండా ఉంటే మార్చి ఇస్తారో లేదో అమ్మేవాళ్లను అడిగి తీసుకోవాలి. ఇక మనిషిని లాగే పరీక్ష. నిలకడ నుంచి లేపేటప్పుడు మీటరు ఎంతకు దిగి ఎన్ని సెకన్లలో తేరుకుందో వెనక కూర్చున్న మనిషి రాసుకోవాలి. పడ్డ మనిషిని మళ్లీ ఎక్కించుకునేటప్పుడు న్యూట్రల్ చాలదు, ఇంజిన్ ఆపే తీరాలి.

విడిభాగాలు ఇక్కడికి రావడానికి రోజులు పడతాయి. బోటు సీటు కింద ఒక గోనె సంచిలో స్పేర్ ఫ్యాన్, థ్రస్ట్ వాషర్ ఒకటి, నట్టు ఒకటి, స్ప్లిట్ పిన్నులు నాలుగు, సరిపోయే పానా, కటింగ్ ప్లయర్, చెక్క దిమ్మ పెట్టుకుంటే లక్నవరం నడిమధ్యలోనైనా ఇరవై నిమిషాల పని. పానాకూ ప్లయర్‌కూ తాడు కట్టి మణికట్టుకు తగిలించుకోవాలి, చేతి నుంచి జారితే చెరువు తిరిగివ్వదు.